కొలతకు తీయు మేర



పూర్వము మన పల్లెలలో పంట నూర్చిన పిదప, ధాన్యము రైతు గాదెకు చేరుటకు ముందే కల్లములో కొన్ని మేరలు తీయుట ఆచారముగా నుండెడిది. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, నీరటికి, రాశి కొలిచినవానికి, ఎవరి మేర వారిది. కొలిచినవాని మేర న్యాయమైనదే. కొలత లేనిదే ఎవరి పాలు ఎంతయో తేలదు. కాని ఆ మేర కుంచములు దాటి పుట్లలోనికి పోయినచో ఆ కొలత వలన రైతునకు లాభమేమి? అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. పెద్ద రాశి నుండియు చిన్న రాశి నుండియు ఒకే మేర తీసినచో, చిన్న రైతు రాశి సగమై, పెద్ద రైతు రాశి చెక్కుచెదరక నిలుచును. అప్పుడు ఎవరి పంట ఎంతయో చెప్పవలసిన కొలతయే ఆ నిష్పత్తిని చెరిపివేసినదగును.

నేడు నేను చెప్పదలచినది కంప్యూటరులలో ఇట్టి మేర పుట్టిన విధమును, దానిని తగ్గించుటకు పండితులు ఏబది యేండ్లు పడిన పాటును గూర్చిన చరిత్ర. ఇది మనకు దూరపు సంగతి కాదు. బ్యాంకులో మన జమ చూపునదియు, రైలు టిక్కెట్టు ఇచ్చునదియు, చౌకధరల దుకాణములో మన వ్రేలిముద్రను సరిచూచునదియు ప్రోగ్రాములే. ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసి యిచ్చిన ఆజ్ఞల పట్టిక. అందు ఆజ్ఞలు వేలును లక్షలును ఉండును. పని ఆలస్యమగునపుడు ఏ ఆజ్ఞయొద్ద కాలము వ్యయమగుచున్నదో తెలిసినగాని బాగుచేయుటకు వీలులేదు. ఆ కాలపు లెక్కకు ప్రొఫైలు అనియు, ఆ లెక్క తీయు సాధనమునకు ప్రొఫైలరు అనియు పేర్లు. చిక్కెక్కడ ననగా, ఈ లెక్క వ్రాయుటకు వేరొక గుమాస్తా లేడు. పనిచేయు యంత్రమే నడుమ నడుమ తన పని నాపి తన లెక్క తానే వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు పట్టు కాలమే నేను చెప్పు మేర.

కంప్యూటరు పుట్టకమునుపే ఈ చిక్కు మనుష్యుల పనులలో కనబడినది. అమెరికా దేశమున ఫ్రెడరిక్ టేలరు అను ఇంజనీరు 1881వ సంవత్సరమున మిడ్వేలు ఉక్కు కర్మాగారములో గడియారము చేతబట్టి పనివారి ఒక్కొక్క కదలికకు పట్టు కాలమును కొలువ నారంభించెను. ఆ పద్ధతి క్రమముగా వ్యాపించినది. 1911 ఆగస్టులో వాటర్‌టౌను నందలి ప్రభుత్వ ఆయుధశాలలో ఒక పనివాని ప్రక్కన గడియారముతో మనిషిని నిలిపినందుకు మూసపోత పనివారు పని మాని వెలుపలికి వచ్చిరి. తరువాత 1915లో అట్టి గడియారపు కొలతలకు ప్రభుత్వ ధనమును వినియోగింపరాదని అమెరికా శాసనసభ కట్టడి చేసెను. పనివారి ఆగ్రహమునకు వేతనపు భయము మొదలైన కారణములు కలవు. వానితోపాటు ఒక సత్యము కూడ అందు ఇమిడియున్నది. ప్రక్కన నిలిచి ప్రతి క్షణమును కొలుచుచున్నపుడు మనిషి చేయు పని, ఎవరును చూడనపుడు చేయు పని ఒకటి కాదు.

దీనికి మొదటి చక్కని ఉపాయము ఇంగ్లండులోని నూలుమిల్లులలో పుట్టినది. ఎల్. హెచ్. సి. టిప్పెట్టు అను గణాంకవేత్త అక్కడి నూలు పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేయుచుండెను. మగ్గములు ఎంతసేపు నడచుచున్నవో, ఎంతసేపు ఆగియున్నవో తెలియవలెను. ప్రతి మగ్గమునొద్దను ఒక మనిషిని దినమంతయు నిలుపుటకు మారుగా, ఆయన చేయించిన పని ఇది: అప్పుడప్పుడు మగ్గముల శాలలోనికి పోయి, ఆ క్షణమున ఏ మగ్గము నడచుచున్నదో, ఏది ఆగినదో చూచి వ్రాసికొని వచ్చుట. నూరు చూపులలో ఇరువది మారులు మగ్గము ఆగియున్నచో, కాలములో అయిదవ వంతు అది ఊరకయున్నదని లెక్క. ఈ పద్ధతిని ఆయన 1935లో ప్రకటించెను.

ఇందలి మేలు రెండు విధములు. మొదటిది, ఖర్చు స్వల్పము. రెండవది, తప్పు ఎంత ఉండునో ముందే లెక్కగట్టవచ్చును. నూరు చూపుల వలన వచ్చిన అయిదవ వంతు లెక్కలో సుమారు నూటికి 4 వంతుల హెచ్చుతగ్గు సహజము. చూపులను 1,600 చేసినచో ఆ హెచ్చుతగ్గు నూటికి 1కి దిగును. ఎంత మేర ఇచ్చిన ఎంత నిజము దొరకునో బేరమాడుకొనుటకు ఈ లెక్క వీలు కల్పించినది. అయితే దీనికొక షరతు కలదు. చూచువాడు తనకు తీరికయైనపుడో, మేస్త్రి రమ్మన్నపుడో పోరాదు. చూపులు చీటీ తీసినట్లు, ఎవరి ఇష్టమునకును లోబడక పడవలెను. ఇదే టిప్పెట్టు 1927లో జనాభా లెక్కల నివేదికల నుండి తీసిన 41,600 అంకెల పట్టికను ఇట్టి చీటీల కొరకే అచ్చువేయించెను. ఈ షరతును మనసున నుంచుకొనుడు. కథ చివర దీనితోనే పని యున్నది.

ఇక కంప్యూటరుల సంగతి. 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుడు డొనాల్డు క్నూత్ ఒక పరిశోధన ప్రకటించెను. ఫోర్ట్రాను అను భాషలో జనులు నిజముగా వ్రాసికొనిన ప్రోగ్రాములను పెక్కింటిని ఆయనయు ఆయన సహచరులును సేకరించి, ఫోర్డాప్ అను సాధనముతో వాని లోపల అంతటను లెక్కపెట్టు ఆజ్ఞలను చొప్పించి, ఏ పంక్తి ఎన్ని మారులు నడచెనో చూచిరి. తేలినదేమనగా, సాధారణముగా ప్రోగ్రాములో నూటికి 4 వంతులకంటె తక్కువ భాగమే సగముకంటె ఎక్కువ కాలమును తినుచున్నది. తక్కిన 96 వంతులను ఎంత చెక్కినను ఫలము స్వల్పము. ఆ సాధనమును దానిమీదనే ప్రయోగించి చూడగా అందును కాలమధికముగా రెండు చోట్లనే పోవుచుండెను. గంటసేపైనను పట్టని సవరణతో దాని వేగము రెండింతలైనది. దొంగ ఎక్కడ దూరుచున్నాడో తెలియక ఊరంతటికి గోడ కట్టుటకును, తెలిసికొని ఒక్క గండి పూడ్చుటకును గల భేదమే ఇది. కావుననే ప్రొఫైలునకు అంత విలువ వచ్చినది.

కాని లెక్కపెట్టు ఆజ్ఞలకు మేర చెల్లింపక తప్పదు గదా. అది ఎట్లు నిజమును వంచునో ఒక చిన్న లెక్కతో మనవి చేసెదను. ఒక ప్రోగ్రాములో చిన్న పని యొకటి కలదు. ఒక మారునకు 10 క్షణములు పట్టును. అది 1,000 మారులు జరుగును. మొత్తము 10,000 క్షణములు. పెద్ద పని యొకటి కలదు. అది ఒక్కమారే జరుగును. దానికిని 10,000 క్షణములే. నిజమునకు రెండును సమానములు. ఇప్పుడు ప్రతి పని మొదటను ఒక లెక్క వ్రాయుదుము. ఒక వ్రాతకు 10 క్షణములు పట్టుననుకొనుడు. చిన్న పని 1,000 మారులు వ్రాయబడి 20,000 క్షణములుగా కనబడును. పెద్ద పని 10,010గా కనబడును. సమానమైన రెండింటిలో ఒకటి రెండవదానికి రెట్టింపని సాధనము సాక్ష్యము చెప్పును. ఆ సాక్ష్యము నమ్మి చిన్న పనినే సవరించుచు కూర్చున్నవాని శ్రమలో సగము వ్యర్థము. మొదట చెప్పిన చిన్న రైతు రాశి కథ ఇదియే.

దీనికి పండితులు కనిపెట్టిన మొదటి మందు, వ్రాతలను తగ్గించుట. కాలువల క్రింద సేద్యము చేయువారికి దీని కిటుకు చెప్పనక్కరలేదు. పెద్ద కాలువ ఒక చోట రెండుగా చీలినదనుకొనుడు. పెద్ద కాలువ నీరును, ఎడమ పాయ నీరును కొలిచినచో కుడి పాయను కొలువ బని లేదు, తీసివేతతో తెలియును. వచ్చిన నీరు పోయిన నీటికి సమానము. విద్యుత్తు విషయమున ఈ నియమమును జర్మనీ పండితుడు కిర్కాఫ్ 1845లో చెప్పియుండెను. ప్రోగ్రాము నడకయు అట్టిదే. ఒక కూడలికి ఎన్ని మారులు వచ్చునో అన్ని మారులే అక్కడినుండి పోవును. ఈ ఆధారముతో, ఎన్ని చోట్ల లెక్క వ్రాసిన చాలునో, తక్కినవి ఎట్లు కూడికలు తీసివేతలతో రాబట్టవచ్చునో క్నూత్, స్టీవెన్సను అనువారు 1973లో నిరూపించిరి. విస్కాన్సిను విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ బాల్, జేమ్స్ లారస్ అనువారు 1990 తరువాతి యేండ్లలో దానిని మరింత పదును పెట్టి, రద్దీ తక్కువగా నుండు దారులమీదనే లెక్క వ్రాయు పద్ధతిని ఏర్పరచిరి. ఇందు నిజములో లోపము లేదు. మేర మాత్రము తగ్గినది.

రెండవ మందు టిప్పెట్టుగారి మగ్గముల శాల పద్ధతియే. ప్రోగ్రాములో ఏమియు చొప్పింపక, యంత్రములోని గడియారము కొట్టినపుడెల్ల ఇప్పుడు ఏ ఆజ్ఞ నడచుచున్నదని తొంగిచూచి ఒక గీత గీయుట. యూనిక్సు అను వ్యవస్థలో ఈ ఏర్పాటు కలదు. 1982లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో సూసన్ గ్రాహం, పీటరు కెస్లరు, మార్షలు కర్కు మెక్యూసిక్ అనువారు జీప్రాఫ్ అను సాధనమును ప్రకటించిరి. అది రెండు పద్ధతులను కలిపినది. కాలమును సెకండులో అరువదవ వంతునకొక చూపుచొప్పున తెలిసికొనును. ఏ పని ఏ పనిని పిలిచెనో మాత్రము ప్రతి పిలుపునను వ్రాసికొనును. దాని మేర నూటికి 5 మొదలు 30 వరకని వారే నిష్కపటముగా చెప్పిరి. పరీక్షశాలలో ఇది చాలును. దినమంతయు జనులకు సేవ చేయుచున్న యంత్రముమీద నూటికి 30 మేర తీయుటకు ఎవరును ఒప్పుకొనరు.

పదునైదేండ్లకు, అనగా 1997లో, డిజిటల్ ఎక్విప్‌మెంటు అను సంస్థవారు తమ ఆల్ఫా యంత్రములకై చేసిన సాధనము ఈ అడ్డంకిని దాటినది. ఆ యంత్రపు గుండె సెకండునకు 33 కోట్ల 30 లక్షల మారులు కొట్టుకొనును. వారు సెకండునకు 5,200కు పైగా చూపులు చూచిరి. అనగా సుమారు 64,000 కొట్లకు ఒక చూపు. ఒక్కొక్క చూపునకు 640 కొట్లు వ్యయమైనను మేర నూటికి ఒకటియే యగును. నిజముగా వారికి పట్టిన మేర చాలమట్టుకు నూటికి 1 మొదలు 3 వరకు. ఒకే చోటు మరల కనబడినపుడు క్రొత్త పంక్తి వ్రాయక పాత పంక్తికే ఒక గీత చేర్చుట వలన వ్రాతపనియు తగ్గినది. మరియొక జాగ్రత్తను కూడ వారు వహించిరి. చూపునకును చూపునకును నడుమ ఎడమును సరిసమానముగా నుంచక, కొంచెము హెచ్చించుచు తగ్గించుచు వచ్చిరి. ప్రతిదినము గంట కొట్టు వేళకే గుడికి పోవువాడు, ఈ గుడిలో గంట ఎల్లప్పుడును మ్రోగుచునే యుండునని తలచును. ప్రోగ్రాములలోను ఒకే తాళముతో తిరిగి వచ్చు పనులు కలవు. చూపుల తాళము వానితో కలిసిన లెక్క తప్పును.

మూడవ మందు, అక్కరపడినపుడే లెక్క వ్రాయుట. 2001లో మాథ్యూ ఆర్నాల్డు, బార్బరా రైడరు అనువారు ప్రోగ్రామునకు రెండు ప్రతులుంచు విధమును చూపిరి. ఒకటి లెక్కలతో కూడినది, ఒకటి లెక్కలు లేనిది. కాలమంతయు దాదాపు రెండవదానిలోనే నడచి, అప్పుడప్పుడు క్షణకాలము మొదటిదానిలోనికి పోయి వచ్చును. పూర్తి లెక్కతో నూటికి 93 మొదలు 98 వరకు పోలిక కుదిరినది. మేర సగటున నూటికి 6, ఇంకొంత సవరణతో నూటికి 3. తరువాత సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలోని ముగ్గురు ఇంజనీర్లు చేసిన డీట్రేస్ అను సాధనము 2005లో సోలారిస్ వ్యవస్థతో వెలువడినది. అడుగనంతవరకు దానివలన యంత్రమునకు భారమే లేదు. అడిగినపుడు మాత్రమే నడచుచున్న ఆజ్ఞలలో చూపు గుంటలు తెరచుకొని, పని తీరగనే మూసికొనును.

ఇంతవరకు విన్నవారికి మేర తగ్గినకొలది మేలే యని తోచును. ఇక్కడనే మనము మేల్కొని యుండవలెను. 2010లో టాడ్ మిట్కోవిచ్, అమేర్ దివాన్, మథియాస్ హౌస్‌విర్త్, పీటరు స్వీనీ అను నలుగురు పండితులు జావా భాషకు వాడుకలోనున్న నాలుగు ప్రొఫైలరులను ఒకే ప్రోగ్రాములమీద ప్రయోగించి చూచిరి. కాలమును మిక్కిలి తినుచున్నదేది యను ఒకే ప్రశ్నకు అవి పలుమారులు వేరువేరు జవాబులిచ్చెను. నలుగురు సాక్షులు నాలుగు మాటలు చెప్పినపుడు అందరును నిజము చెప్పుచున్నారని ఎవరనగలరు? వెదుకగా దొరకిన కారణమిది. ఆ సాధనములు గడియారము కొట్టిన క్షణముననే చూచుట లేదు. నడచుచున్న ప్రోగ్రామును ఎక్కడబడిన అక్కడ ఆపుట కష్టము గనుక, అది తనంతట నిలుచుటకు అనువైన చోటు వచ్చువరకు వేచి, అక్కడ చూచుచున్నవి. అనువైన చోట్లు కొన్నియే. కనుక నేరము చేసినదొకటి, పట్టుబడినది వేరొకటి. టిప్పెట్టుగారి షరతు తప్పినదన్నమాట. మేర తక్కువే, కాని చూపులు చీటీ ప్రకారము గాక సౌకర్యము ప్రకారము పడినవి. ఆ పండితులే యథేచ్ఛగా చూపు పడునట్లు ఒక సాధనము చేసి, లోపము తీరుననియు చూపిరి.

ఈ సంగతి మన పొలములవరకు వచ్చు సంగతి. మన దేశమున బంగాళమునందలి జనుప పంటను నమూనా పద్ధతిని లెక్కించు పనిని ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు 1937లో ఆరంభించిరి. ఊరిలోని పైరునంతటిని కోసి తూచుట అలవిగాని పని. ఆ మేర ఎవరును భరింపలేరు. అందుచేత చీటీ ప్రకారము కొన్ని పొలములను, ఆ పొలములో చీటీ ప్రకారమే ఒక చిన్న చదరమును ఎన్నుకొని, అందలి పంటను కోసి తూచి, ఊరి దిగుబడిని లెక్కగట్టుదురు. ఈ పంటకోత ప్రయోగములను మీరు చూచియే యుందురు. పంట బీమా సొమ్ము ఈ లెక్కమీద ఆధారపడినపుడు, ఆ చిన్న చదరము ఊరంతటి తరఫున సాక్ష్యము చెప్పుచున్నది. దారి ప్రక్కనున్నదనియో, జీపు అక్కడివరకే పోవుననియో ఒక మడిని ఎన్నుకొనినచో, కాలువ చివరి పొలములలో ఎండిన పైరు లెక్కలోనికి రానే రాదు. ఆ నాలుగు సాధనములు చేసిన తప్పును, దారిప్రక్క మడి తప్పును ఒక్కటియే.

మరల యంత్రముల కడకు వత్తము. ఇంత చిన్న మేరకొరకు ఇన్ని తంటాలెందుకని కొందరు అడుగవచ్చును. గూగుల్ సంస్థ తన యంత్రములన్నిటిని ఎడతెగక ఇట్లు కొలుచుచుండు విధమును 2010లో ప్రకటించినది. ఏ సమయమునను కొన్ని యంత్రములనే, అవియు కొద్దిసేపే చూచుట వారి పద్ధతి. 2015లో వెలువడిన పరిశోధనలో ఇట్లు మూడేండ్లపాటు 20,000కు పైగా యంత్రముల లెక్క చూచిరి. అట్టి 20,000 యంత్రములనుండి నూటికి ఒకటి మేర తీసినచో, 200 యంత్రములు వేరే పనిలేక రాత్రింబవళ్లు కొలతకొరకే కరెంటు త్రాగుచున్నట్లు లెక్క. ఆ కొలతవలన కలిగిన లాభమును చూడుడు. జ్ఞాపకమున చోటు కేటాయించుట, సమాచారమును ఒక చోటినుండి మరియొక చోటికి నకలు చేయుట, కుదించుట మొదలైన సామాన్య సేవలే కలిసి కాలములో దాదాపు నూటికి 30 వరకు తినగలవని తేలినది. ఏ ఒక్క ప్రోగ్రామును విడిగా చూచినను ఇది ఇంత పెద్దదిగా కనబడదు. స్వల్పమైన మేర చెల్లించి వేల యంత్రములను కలిపి చూచుటచేతనే కనబడినది. ఎక్కడ బాగుచేసిన అందరికి మేలగునో అప్పుడే తెలిసినది.

ఈ చరిత్ర నుండి నేను గ్రహించినది ఇంతే. కొలతకు మేర ఎప్పుడును సున్న కాదు; సున్నయని చెప్పువానిని నమ్మరాదు. మేర ఎక్కువైన కొలవబడు వస్తువే మారిపోవును. మేర తగ్గించుటకు న్యాయమైన దారులు కలవు: తీసివేతతో తెలియుదానిని వేరుగా కొలువకుండుట, అక్కరలేనపుడు మానుట, అన్నిటిని చూచుటకు మారుగా కొన్నిటిని చీటీ వేసి చూచుట. ఈ మూడును మేరను తగ్గించునవే గాని నిజమును దాచునవి కావు. నాలుగవ దారి యొకటి కలదు. అది తమకు సులువైన చోటనే చూచి, ఊరంతయు చూచితిమనుట. అది మిక్కిలి చౌక. దాని నష్టము మాత్రము లెక్క వ్రాసినవానిమీద గాక, ఆ లెక్కను నమ్మినవానిమీద పడును.

కావున పెద్దలారా, మీ యెదుట ఎవరైన లెక్క చదివినపుడు, అది యంత్రముల లెక్కయైనను, పైరు లెక్కయైనను, రెండు ప్రశ్నలు అడుగుడు. ఈ కొలతకు ఎంత మేర తీసితిరి? చూచిన చోటును ఎవరు ఎన్నుకొనిరి? ఈ రెండింటికి సూటియైన జవాబు వచ్చినపుడు ఆ లెక్కను గౌరవింపుడు. రానిచో, మరల కొలువుమని కోరుటకు సంకోచింపకుడు.